వస్తానన్నాడు: ఇంగ్లీషులో వుడ్ పెట్టాలా, గోయింగ్ టు పెట్టాలా?

కొన్నాళ్ళ కిందట నాతో పనిచేసే ఒకావిడ ఇంటికి వెళ్తూ వెళ్తూ, “సోమవారం నుంచి సెలవు పెడుతున్నానండీ, మేనేజర్‌కి ఒక మాట చెప్పండి” అంది. నేను ఆ సాయంత్రమే మెయిల్ పెట్టాను: “షీ సెడ్ షీ వాజ్ టేకింగ్ లీవ్.” మర్నాడు ఆవిడ మామూలుగానే వచ్చి సీట్లో కూర్చునేసరికి ఆవిడ పని ఇంకొకరి చేతిలో ఉంది. మెయిల్ చదివినవాళ్ళు ఆవిడ అప్పటికే సెలవులో ఉందనుకున్నారు. గ్రామర్ చూస్తే నా వాక్యంలో తప్పేమీ లేదు. ప్రెజెంట్ కంటిన్యువస్‌ని పాస్ట్ కంటిన్యువస్ చేయమని స్కూల్లో నేర్పిన రూలే అది. ‘సోమవారం నుంచి’ అన్న ముక్క వదిలేశాను, అంతే. కానీ ఆ ముక్క జారిపోయినా అర్థం ఇంత చెడని వాక్యాలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. నేను వాటిలోంచి ఎంచుకోలేదు. రూలు ఎటు తోస్తే అటు వెళ్ళాను.

ఒకరు చెప్పిన రేపటి సంగతిని ఇంకొకరికి ఇంగ్లీషులో చేరవేయాలంటే మన ముందు కనీసం ఐదారు దారులుంటాయి. విల్, వుడ్, వాజ్ గోయింగ్ టు, వాజ్ కమింగ్ లాంటివి, వుడ్ బి కమింగ్ లాంటివి, ఇంకా ప్రామిస్డ్ టు, ప్లాన్డ్ టు లాంటివి. అన్నీ కరెక్టే. అన్నీ ఒకటి మాత్రం కావు.

తెలుగులో ఈ టెన్షన్ ఎందుకు లేదు

మనం అవతలివాళ్ళ మాటని దాదాపు అన్నది అన్నట్టే ఉంచి ‘అని’ తగిలిస్తాం. “నేను రేపు వస్తాను” అన్న మాట పరోక్ష కథనంలో “తాను రేపు వస్తానని చెప్పాడు” అవుతుంది. ‘నేను’ స్థానంలో ‘తాను’ వచ్చింది గానీ ‘వస్తాను’ కదల్లేదు. నిన్న చెప్పినా, పదేళ్ళ కిందట చెప్పినా అదే ‘వస్తాను’. ఇంగ్లీషు అలా ఊరుకోదు. ‘సెడ్’ అన్నాక లోపలి క్రియను కూడా సాధారణంగా ఒక మెట్టు వెనక్కి లాగుతుంది.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. మన ‘వస్తాను’ ఒక్కటే రెండు పనులు చేస్తుంది: “రోజూ వస్తాను”, “రేపు వస్తాను”. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ కమ్’, రెండోది ‘ఐ విల్ కమ్’. కాబట్టి “రోజూ వస్తానన్నాడు” అన్నది అతని అలవాటు గురించైతే “హీ సెడ్ హీ కేమ్ ఎవ్రీ డే” అవ్వాలి. మనవాళ్ళు చాలామంది అక్కడ “హీ సెడ్ హీ వుడ్ కమ్ ఎవ్రీ డే” అని రాసేస్తారు. అప్పుడు అర్థం ‘ఇకమీదట రోజూ వస్తానని మాట ఇచ్చాడు’ అయిపోతుంది. అందుకే ఇంగ్లీషు గురించి ఆలోచించే ముందు ఆ తెలుగు మాట అలవాటా, రాబోయే పనా అని ఒక్క క్షణం చూసుకోవాలి. అలవాటైతే ఇక్కడ చెప్పుకునేవేవీ అక్కర్లేదు.

విల్ ఉంచాలా, వుడ్ చేయాలా

దీనికి నేను చూసే గుర్తు ఒక్కటే: ఆ పని జరగాల్సిన రోజు దాటిపోయిందా, ఇంకా రావాల్సి ఉందా?

దాటిపోతే వుడ్ తప్ప వేరే దారి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అమెరికా సేనాని జనరల్ డగ్లస్ మెకార్థర్ ఫిలిప్పీన్స్ నుంచి బయటపడి ఆస్ట్రేలియా చేరాడు. ఆ మార్చి 20న టెరోవీ రైల్వే స్టేషన్లో విలేకరులతో “ఐ షల్ రిటర్న్” అన్నాడు. 1944 అక్టోబర్ 20న ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవిలో దిగి మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు మనం ఆ సంగతి చెప్పాలంటే “మెకార్థర్ సెడ్ హీ వుడ్ రిటర్న్” అనాలి. “హీ సెడ్ హీ విల్ రిటర్న్” అంటే ఆయన ఇంకా రావాల్సి ఉన్నట్టు ఉంటుంది. ఇదే వాక్యంలో ఇంకో సంగతి కూడా గమనించండి. ఆయన అన్నది ‘షల్’. దాని పాస్ట్ ‘షుడ్’ కదా అని “హీ సెడ్ హీ షుడ్ రిటర్న్” అంటే, ఇవాళ్టి ఇంగ్లీషులో ‘తను తిరిగి రావడం మంచిదన్నాడు’ అన్న అర్థం వస్తుంది. ‘ఐ షల్’ కూడా రిపోర్ట్ చేసేటప్పుడు వుడ్ కిందికే వస్తుంది.

ఆ రోజు ఇంకా ముందే ఉంటే రెండూ చెల్లుతాయి. ఇవాళ మంగళవారం అనుకోండి. శుక్రవారం రిపోర్ట్ పంపుతానని ఒకాయన చెప్పాడు. “హీ సెడ్ హీ విల్ సెండ్ ఇట్ ఆన్ ఫ్రైడే” అనొచ్చు, “హీ సెడ్ హీ వుడ్ సెండ్ ఇట్ ఆన్ ఫ్రైడే” అనొచ్చు. పాఠ్యపుస్తకాల్లో వుడ్ ఒక్కటే కనిపిస్తుంది గానీ, మాటల్లోనూ వార్తల్లోనూ విల్ కూడా ధారాళంగా వస్తుంది. తేడా ఉన్నదల్లా చెప్పేవాళ్ళ వైఖరిలో. విల్ అంటే ఆ పని ఇంకా జరగాల్సి ఉంది, దాన్ని నమ్ముకుని మనం ముందుకెళ్ళొచ్చు అన్న ధ్వని ఉంటుంది. వుడ్ అంటే ఆయన మాట ఆయనది, నేను మోసుకొచ్చాను, అంతవరకే.

నా సలహా ఇది. వినేవాళ్ళు ఆ మాట మీద ఆధారపడి ఏదైనా సిద్ధం చేసుకోవాలంటే, ఆ మాట మీద మీకు నమ్మకం ఉంటే, విల్ పెట్టండి. మిగతా అన్నిచోట్లా వుడ్. వుడ్ రాసినందుకు ఎక్కడా తప్పు పట్టరు. విల్ మాత్రం శుక్రవారం దాటగానే తప్పైపోతుంది. మెయిళ్ళు, మీటింగ్ మినిట్స్ వారాల తర్వాత కూడా చదువుతారు కాబట్టి అలాంటిచోట వుడ్ మరీ మంచిది.

అసలు ఈ తర్జనభర్జన అంతా తప్పించుకునే సులువు దారి కూడా ఒకటుంది. ఇప్పుడే ఫోన్ పెట్టేసి పక్కవాళ్ళకి చెప్తున్నట్టయితే ‘సెడ్’ బదులు ‘సేస్’ వాడండి: “హీ సేస్ హీ విల్ సెండ్ ఇట్ ఆన్ ఫ్రైడే.” లోపల ఏదీ మారదు. మనం “పంపుతానంటున్నాడు” అంటాం చూడండి, అది ఇదే. దాన్ని “హీ ఈజ్ సేయింగ్” అని మక్కికి మక్కి దించకండి. వినేవాళ్ళకి ఆయన అటుపక్క ఇంకా మాట్లాడుతూనే ఉన్నట్టుంటుంది.

వుడ్, వాజ్ గోయింగ్ టు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒకదాని బదులు ఇంకొకటి వాడినా ప్రాణం మీదికి రాదు, నిజమే. కానీ మనిషి ఏం చెప్పాడన్నది మారిపోతుంది.

విల్ అన్నది చాలాసార్లు మాట్లాడుతూ ఉండగానే పుట్టిన నిర్ణయం, లేదా ఇచ్చిన మాట. గోయింగ్ టు అన్నది మాట్లాడకముందే మనసులో ఖాయమైన పని. “ఎవరైనా ఈ పెట్టె మోయాలి” అంటే “నేను మోస్తాను” అని లేచినవాడి మాట “హీ సెడ్ హీ వుడ్ క్యారీ ఇట్” అవుతుంది. అక్కడ “హీ వాజ్ గోయింగ్ టు క్యారీ ఇట్” అంటే వాడు ఎవరూ అడగకముందే అది మోయాలని అనుకుని వచ్చినట్టు. అలాగే “ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను, ఆలోచించే చెప్తున్నాను” అన్న స్నేహితురాలి మాటని “షీ సెడ్ షీ వుడ్ రిజైన్” అని చేరవేస్తే చప్పగా ఉంటుంది. ఆవిడ రోజుల తరబడి ఆలోచించి తేల్చుకున్న సంగతి అందులో లేదు. “షీ సెడ్ షీ వాజ్ గోయింగ్ టు రిజైన్” అంటే అది వస్తుంది.

కళ్ళముందు కనిపించేదాన్ని బట్టి చెప్పిన జోస్యం కూడా గోయింగ్ టు దే. మబ్బులు చూసి “వాన పడేలా ఉంది” అన్నవాడి మాట “హీ సెడ్ ఇట్ వాజ్ గోయింగ్ టు రెయిన్.”

అయితే వాజ్ గోయింగ్ టు తో ఒక జాగ్రత్త ఉంది. సెడ్ లేకుండా విడిగా వాడితే అది చాలాసార్లు జరగని పనిని సూచిస్తుంది. “ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యూ” అంటే ‘నీకు ఫోన్ చేద్దామనుకున్నాను గానీ చేయలేదు’ అని. సెడ్ వెనకాల వచ్చినప్పుడు ఈ అర్థం తప్పనిసరి కాదు, కానీ ఆ వాసన కొంచెం అంటుకునే ఉంటుంది. “హీ సెడ్ హీ వాజ్ గోయింగ్ టు పే” అని ఆపేస్తే, వినేవాళ్ళు ‘మరి ఇచ్చాడా?’ అని చూస్తారు. మనం “ఇస్తానన్నాడు...” అని చివర సాగదీసినప్పుడు ఎలా ఉంటుందో అలా. ఇచ్చేశాడనో, ఫలానా రోజున ఇస్తాడనో వెంటనే చెప్పేటట్టయితే ఇబ్బంది లేదు. వివరం లేకుండా ఒక్క వాక్యంతో ముగించాలంటే వుడ్ నయం.

వుడ్ కీ ఒక మచ్చ ఉంది, అదీ చెప్పాలి. “షీ సెడ్ షీ వుడ్ హెల్ప్” అన్నప్పుడు ఆవిడ అన్నది “ఐ విల్ హెల్ప్” కావచ్చు, “వీలుంటే సాయం చేసేదాన్నే” అన్న అర్థంలో “ఐ వుడ్ హెల్ప్” కూడా కావచ్చు. రెండూ రిపోర్ట్ చేస్తే ఒకేలా అయిపోతాయి. రెండో అర్థమైతే ‘ఇఫ్ షీ కుడ్’ లాంటిది తప్పకుండా చేర్చండి. లేకపోతే ఆవిడ ఇవ్వని మాట ఆవిడ నెత్తిన పడుతుంది.

వాజ్ కమింగ్, వాజ్ లీవింగ్

నన్ను దెబ్బతీసింది ఇదే. తెలుగులో “రేపు వెళ్తున్నాను” అన్నట్టే ఇంగ్లీషులోనూ “ఐయామ్ లీవింగ్ టుమారో” అంటారు. టికెట్టు కొన్నారు, అవతలివాళ్ళతో మాట్లాడారు, ఏర్పాటు పూర్తయింది. అలాంటి పనికి ఈ రూపం సరిగ్గా సరిపోతుంది. గోయింగ్ టు మనసులో నిర్ణయమైతే, ఇది డైరీలో రాసుకున్న అపాయింట్‌మెంట్.

చిక్కల్లా రిపోర్ట్ చేసినప్పుడు వస్తుంది. “హీ సెడ్ హీ వాజ్ మీటింగ్ ద లాయర్” అంటే ఆ సమయంలో లాయర్‌తో కూర్చుని ఉన్నాడా, కలవబోతున్నాడా? ఆ వాక్యంలో జవాబు లేదు. ‘ఆన్ థర్స్‌డే’ అని ఒక్క ముక్క పడితే సందేహం పోతుంది. కాబట్టి ఈ రూపం ఎంచుకుంటే రోజో గంటో పక్కనే ఉండాలి. కమ్, గో, లీవ్, అరైవ్ లాంటి రాకపోకల క్రియలతో ఇది బాగా నప్పుతుంది. టేక్, వర్క్, రీడ్ లాంటి వాటితో నేను ఇప్పుడు జాగ్రత్తగా ఉంటాను.

రైళ్ళు, విమానాలు, పరీక్షల టైమ్ టేబుల్ సంగతులకి ఇంగ్లీషు మామూలు ప్రెజెంట్ వాడుతుంది: “ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్.” ఇది “షీ సెడ్ ద ట్రైన్ లెఫ్ట్ ఎట్ సిక్స్” అవుతుంది, రూలు ప్రకారం. కానీ వినేవాళ్ళకి రైలు వెళ్ళిపోయిందేమోనని గుండె ఆగుతుంది. రైలు ఇంకా కదలకపోతే ‘లీవ్స్’ అనే ఉంచేయండి.

సెడ్ బదులు ఇంకో క్రియ

అన్నిటికీ సెడ్ వాడే అలవాటు మానితే సగం సమస్య పోతుంది. చెప్పినవాళ్ళ మనసులో ఏముందో క్రియే చెప్పేస్తే వుడ్, గోయింగ్ టు గొడవే రాదు. మాట ఇచ్చారు: ప్రామిస్డ్ టు. అనుకుంటున్నారు: ప్లాన్డ్ టు. ఆశపడుతున్నారు: హోప్డ్ టు. ఒప్పుకున్నారు: అగ్రీడ్ టు. తనంతట తానే చేస్తానన్నారు: ఆఫర్డ్ టు. బెదిరించారు: థ్రెటెన్డ్ టు. చేయనన్నారు: రెఫ్యూజ్డ్ టు. కొరియాలో యుద్ధం నడుస్తుండగా, 1952 అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో అక్టోబర్ 24న అభ్యర్థి ఐజన్‌హోవర్ “ఐ షల్ గో టు కొరియా” అన్నాడు. గెలిచాక ఆ డిసెంబర్లో వెళ్ళాడు. ఆయన మాటని “హీ సెడ్ హీ వుడ్ గో” అన్నా సరిపోతుంది. కానీ “హీ ప్రామిస్డ్ టు గో టు కొరియా” అంటే ఓటర్లు ఆ మాటని ఎలా విన్నారో కూడా తెలుస్తుంది.

ఇక్కడ మూడు గుంటలున్నాయి. మొదటిది ‘సెడ్ టు’. “హీ సెడ్ టు కమ్ ఎట్ ఫైవ్” అంటే ‘ఐదింటికి వస్తానన్నాడు’ కాదు, ‘ఐదింటికి రమ్మన్నాడు’. రెండోది సజెస్ట్. “హీ సజెస్టెడ్ టు గో” అనకూడదు, “సజెస్టెడ్ గోయింగ్” అనాలి. మూడోది హాడ్. ‘షీ ప్లాన్డ్ టు’ అంటే అప్పటి ప్లాన్ అంతే. ‘షీ హాడ్ ప్లాన్డ్ టు’ అంటే చాలాచోట్ల ఆ ప్లాన్ తప్పిపోయిందని వినిపిస్తుంది. ప్లాన్ ఇంకా బతికే ఉంటే హాడ్ జోలికి వెళ్ళొద్దు.

క్రియ మార్చేటప్పుడు ఒక బాధ్యత కూడా ఉంది. “చూస్తాన్లే” అన్నవాడి మాటని ప్రామిస్డ్ అని రాస్తే అది అన్యాయం. కోపంగా అన్నంత మాత్రాన థ్రెటెన్డ్ అనకూడదు. అనుమానం ఉంటే సెడ్ దగ్గరికే రండి.

కచ్చితంగా తప్పులయ్యేవి

ఇంతవరకూ చెప్పినవి ఎంపికలు. ఇవి ఎంపికలు కావు.

వుడ్ తో హ్యావ్ కలిపేస్తుంటారు. పాస్ట్ గురించి కదా, బరువుగా ఉండాలనుకుంటారేమో. “హీ సెడ్ హీ వుడ్ హ్యావ్ కమ్” అంటే ‘వచ్చేవాణ్ణే (కానీ రాలేదు) అన్నాడు’. ‘వస్తానన్నాడు’కి ఉత్త వుడ్ చాలు. ఫలానా టైముకల్లా పూర్తి చేసి ఉంటానన్న మాటకి మాత్రం వుడ్ హ్యావ్ సరైనదే: “షీ సెడ్ షీ వుడ్ హ్యావ్ ఫినిష్డ్ బై నూన్.”

రెండోది, వెన్, ఇఫ్, ఆఫ్టర్ తర్వాత వుడ్ పెట్టడం. “చేరగానే ఫోన్ చేస్తాను” అన్న మాట “హీ సెడ్ హీ వుడ్ కాల్ వెన్ హీ రీచ్డ్ హోమ్” అవుతుంది. “వెన్ హీ వుడ్ రీచ్” కాదు. డైరెక్ట్ మాటలోనే “వెన్ ఐ రీచ్” అంటారు, అక్కడ విల్ లేదు. లేని విల్ వుడ్ ఎలా అవుతుంది?

టోల్డ్ తర్వాత మనిషి ఉండాలి, సెడ్ తర్వాత నేరుగా మనిషి రాకూడదు. ‘టోల్డ్ మీ’, ‘సెడ్ టు మీ’. ఇది అందరికీ తెలిసిందే, అయినా తొందరలో ‘సెడ్ మీ’ దొర్లుతూనే ఉంటుంది.

మే అన్నది మైట్ అవుతుంది. మస్ట్ రాబోయే పని గురించైతే ‘హాడ్ టు’ గానీ ‘వుడ్ హ్యావ్ టు’ గానీ అవుతుంది. “తలుపు తీయనా?” అన్న ప్రశ్నలో ‘షల్ ఐ’ మాత్రం “హీ ఆస్క్‌డ్ ఇఫ్ హీ షుడ్ ఓపెన్ ద డోర్” అవుతుంది. షల్ నిజంగా షుడ్ అయ్యేది ఇలాంటిచోట.

టుమారోని ఏం చేయాలి

టుమారోని ‘ద నెక్స్ట్ డే’ చేయమని స్కూల్లో బట్టీ పట్టించారు. పరీక్షలో అలాగే రాయండి, మార్కులు దానికే. బయట మాత్రం క్యాలెండర్ చూసుకోవాలి. పొద్దున “రేపు వస్తాను” అన్న మాటని అదే రోజు సాయంత్రం చెప్తుంటే ఆ ‘రేపు’ ఇంకా రేపే, కాబట్టి టుమారో అనే ఉంచాలి. మర్నాడు చెప్తుంటే అది ‘టుడే’. వారం తర్వాత చెప్తుంటేనే ‘ద నెక్స్ట్ డే’. నెక్స్ట్ వీక్, ‘ద ఫాలోయింగ్ వీక్’ సంగతీ అంతే. రాతలో వీలైతే ఈ మాటలన్నీ వదిలేసి తేదీ వేసేయడం నాకిష్టం.

పరీక్ష రాసేవాళ్ళకి ఇంకో మాట. అక్కడ చూసేది మీ విచక్షణని కాదు, మార్పు చేయడం వచ్చా లేదా అన్నదాన్ని. విల్‌ని వుడ్, ఈజ్ గోయింగ్ టుని వాజ్ గోయింగ్ టు, ఈజ్ కమింగ్‌ని వాజ్ కమింగ్ చేయండి. చిరకాల సత్యాలని తప్ప దేన్నీ ప్రెజెంట్‌లో వదలకండి. ఉద్యోగంలో చేరాక ఈ రూలుని కాస్త సడలించుకోవచ్చు.

ఇక ఆ సెలవు మెయిల్. దానికి సరిపోయే రూపం నేను ఆలస్యంగా కనుక్కున్నాను: వుడ్ బి తో ఐఎన్‌జీ. “ఐ విల్ బి టేకింగ్ లీవ్” అనడం ఖాయమైన ఏర్పాటుని మర్యాదగా తెలియజేయడం. అది “వుడ్ బి టేకింగ్” అవుతుంది. వాజ్ టేకింగ్ లో ఉన్న ‘ఇప్పుడా, తర్వాతా’ అన్న అయోమయం ఇందులో లేదు, ఎందుకంటే వుడ్ దాన్ని ముందుకి తోసేస్తుంది. ఉత్త వుడ్ టేక్ లాగా అప్పటికప్పుడు ఇచ్చిన మాటలానూ ఉండదు. ఆఫీసులో ఒకరి రాకపోకలు, సెలవులు, చేరికలు తెలియజేయడానికి నేనిప్పుడు దీన్నే ఎక్కువగా వాడుతున్నాను. ఆవిడ మళ్ళీ ఇంకోసారి సెలవు గురించి చెప్పమన్నప్పుడు ఇలా రాశాను: “షీ సెడ్ షీ వుడ్ బి టేకింగ్ లీవ్ ఫ్రమ్ మండే.” ఈసారి సోమవారం దాకా ఆవిడ పని ఆవిడ దగ్గరే ఉంది.